ఇరవై ఏడు సెంట్లు ఎవరు తిన్నారు?

పోయిన చలికాలం ఒక శనివారం రాత్రి పదకొండు గంటలకు, బెంగళూరు రామమూర్తినగర్‌లో మా వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, నేను మా చిన్నాయన్ని దొంగను చేశాను. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆ వేళకు కదిరి దగ్గర మా పల్లెలో దుప్పటి కప్పుకుని నిద్రపోతూ ఉంటాడు.

నాయన పోయిన ఏడాదికి పొలం నాకూ తమ్ముడికీ పంచుకోవాలన్న మాట వచ్చింది. పాస్‌పుస్తకం, అడంగల్, 1బి, పొలం రికార్డుల్లో ఎక్కడ చూసినా ఒకే అంకె, 4.32. నాలుగు ఎకరాల ముప్పై రెండు సెంట్లు. సగం చేస్తే చెరో 2.16. అక్కడితో ఆగిపోయుంటే బాగుండేది. కానీ నేను ఇరవై ఏళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్న మనిషిని. పుస్తకంలో ఉన్న సరుకు గోడౌన్‌లో ఉందో లేదో చూడకపోతే నిద్ర పట్టదు. గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, వంక (చిన్న వాగు) పక్కన మా చింతచెట్టు గుర్తు పట్టి, అక్కడి నుంచి గట్టు వెంబడి ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పొలం చుట్టూ తిరిగాను. చివరి చుక్క మొదటి చుక్క మీద పడగానే కింద అంకె వచ్చింది. 16,390 చదరపు మీటర్లు. ఎకరానికి 4,046.86 చొప్పున భాగిస్తే 4.05.

ఇరవై ఏడు సెంట్లు లేవు.

ఊళ్లో ఉండి ఉంటే 27 సెంట్లు అంటే నాలుగు సాళ్లు అటూ ఇటూ అనుకునేదాన్నేమో. బెంగళూరు కళ్లు వేరు. ఇక్కడ ఏ భూమినైనా మనసులో 30 బై 40 అడుగుల సైట్లుగా కోసేసుకుంటాం. సెంటుకు 435.6 చదరపు అడుగులు, 27 సెంట్లకు 11,761. అంటే దాదాపు పది సైట్లు! కదిరి దగ్గర మెట్ట చేను వేరు, రామమూర్తినగర్‌లో సైటు వేరు అని తెలుసు. అయినా పది సైట్లు పోయాయన్న టెన్షన్ మొదలైపోయింది. దక్షిణం వైపు పక్క చేను చిన్నాయనది. ఏటా గట్టు చెక్కేది ఆయన ట్రాక్టరే. ఇక లెక్క తేలిపోయింది అనుకున్నాను.

తెల్లారి అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఆమె అన్న మాట ఇది: "మీ నాయన ఉన్నన్నాళ్లూ ఆ గట్టు మీద ఒక్క మాట రాలేదు. నువ్వు బెంగళూరులో కూచోని ఆకాశంలోంచి చూసి చెప్తావా? ఆ గట్టు మీద కంపచెట్లు ఎన్ని ఉండాయో చెప్పు చూద్దాం."

కోపం వచ్చింది. కానీ పాయింటు అదే. ఆ పాయింటు దగ్గరికి చేరడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఈ వ్యాసం ఆ మూడు వారాల గురించే.

ముందు, నేను మ్యాప్‌లోనే ఎందుకు కొలిచానన్నది కూడా చెప్పాలి. బస్సెక్కితే నాలుగు గంటల్లో ఊళ్లో ఉంటాను. పోయి టేపు పట్టుకుని కొలవచ్చు. ఆంధ్రలో తాతల ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు 1985లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చింది గానీ, పెళ్లయి వెళ్లిపోయిన కూతురు గట్టు మీద నిలబడి టేపు లాగితే ఊరంతా సాయంత్రానికి ఒకటే కథ చెప్పుకుంటుంది. మ్యాప్‌లో అయితే ఎవరికీ తెలియదు. నాలాంటివాళ్లు బెంగళూరులో ఎంతమంది ఉంటారో! పగలు ఆఫీసు, రాత్రి కదిరిలోనో రాయచోటిలోనో మదనపల్లెలోనో ఉన్న చేనును పైనుంచి చూసుకోవడం. తప్పు పట్టడానికి లేదు. నా గొడవ చూడటంతో కాదు. కొలిచాక వచ్చే ఆ రెండు దశాంశాలతో.

నా వృత్తిలో దశాంశం తర్వాత రెండంకెలు అంటే పైసలు. అవి ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. 4.05 అని తెర మీద కనిపిస్తే, ఆ 5 కూడా ఎవరో లెక్కపెట్టి చెప్పినట్టే నా బుర్ర నమ్మేసింది. యంత్రం చేసిన కూడిక తీసివేతల్లో తప్పు లేని మాట నిజమే. నేను పెట్టిన చుక్కలను కలిపితే వచ్చే బొమ్మ వైశాల్యం 4.05 ఎకరాలే. కానీ ఆ చుక్కలు పెట్టింది నా వేలు. మా పొలం ఎక్కడ ఆగుతుందో నా వేలికి ఏం తెలుసు?

ఇక్కడ కాస్త లెక్క చేయక తప్పదు. విసుక్కోకండి, అసలు సరుకు ఇక్కడే ఉంది.

ఒక ఎకరం చదరంగా ఉందనుకోండి. ఒక్కో వైపు 208 అడుగుల 8 అంగుళాలు, చుట్టుకొలత 835 అడుగులు. చుక్కలన్నీ అసలు హద్దుకు 3 అడుగులు లోపలికి పడ్డాయంటే, చుట్టూ 3 అడుగుల పట్టీ వదిలేసినట్టు. 835ను 3తో హెచ్చవేస్తే 2,505 చదరపు అడుగులు, సుమారు 6 సెంట్లు. ఇప్పుడు అదే ఎకరాన్ని 66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవుగా సాగదీయండి. చుట్టుకొలత 1,452 అవుతుంది. అదే 3 అడుగుల పట్టీకి 4,356 చదరపు అడుగులు, అంటే 10 సెంట్లు. (మూలల దగ్గర చిల్లర వదిలేస్తున్నాను.) నేల పెరగలేదు, తరగలేదు. చెయ్యి తప్పింది కూడా అంతే. చేను సన్నగా ఉన్నందుకు నాలుగు సెంట్లు అదనంగా పోయాయి. వంద ఎకరాల చదరపు ముక్క తీసుకుంటే ఆ 3 అడుగులకు పోయేది 57 సెంట్లు, నూటికి అర కంటే కాస్త ఎక్కువ. అందుకే పెద్ద ఎస్టేటు కొలిచేవాడికి మ్యాప్ బంగారంలా కనిపిస్తుంది. అన్నదమ్ముల మధ్య నిలువునా చీల్చుకుంటూ వచ్చిన మన సన్నటి చేలకు అదే మ్యాప్ గొడవ తెచ్చిపెడుతుంది.

మా చేను ఇంచుమించు 250 అడుగుల వెడల్పు, 750 అడుగుల పొడవు. చుట్టుకొలత 2,000. ఈ లెక్క వేసుకున్నాక మళ్లీ ఆ చిత్రం తెరిచి, బాగా దగ్గరికి లాక్కుని, నా చుక్కలు ఎక్కడ పడ్డాయో చూశాను. ప్రతి చుక్కా శనక్కాయ పైరు అంచు మీద పడింది. పచ్చగా కనిపించేది అదే కాబట్టి కన్ను అక్కడికే పోయింది. కానీ మా వైపు గట్టు అంటే కోనసీమ వరిమడి గట్టులా జానెడు ఉండదు. మూడు తరాలుగా చేలో ఏరిన రాళ్లన్నీ దాని మీదే పోశారు. దాని మీద కలబంద, దాని మీద కంప. ఆరడుగులకు తగ్గదు. అందులో సగం మాది. 2,000 అడుగుల పొడవునా 3 అడుగులు అంటే 6,000 చదరపు అడుగులు, దాదాపు 14 సెంట్లు. రాళ్లగుట్టల కింద పడుకుని ఉన్నాయి.

మిగతా 13? తూర్పు చివర చేను వంకలోకి దిగుతుంది. అక్కడ 250 అడుగుల వెడల్పునా కంపచెట్లు కమ్ముకున్నాయి. పైనుంచి చూస్తే అదంతా వంకలానే ఉంది. నేను దాన్ని వంకకే వదిలేశాను. 22 అడుగుల వెడల్పు పట్టీ, 5,500 చదరపు అడుగులు. ఇంచుమించు 13 సెంట్లు. అమ్మ అడిగిన ప్రశ్న గుర్తుంది కదా, కంపచెట్లు ఎన్ని ఉన్నాయని?

తప్పుల్లో రెండు రకాలు ఉన్నాయని నాకు అప్పుడు అర్థమైంది. చెయ్యి వణికి ఒక చుక్క లోపలికి, ఇంకో చుక్క బయటికి పడటం ఒక రకం. అవి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇరవై చుక్కలు పెడితే మిగిలేది కొంచెమే. రెండో రకం అలవాటు. ప్రతిసారీ పైరు అంచు మీదే పెట్టడం. ఇది కొట్టుకుపోదు, కూడుకుంటూ పోతుంది. పదిసార్లు కొలిచినా పదిసార్లూ 4.05 దగ్గరే వస్తుంది. మనిషేమో "పదిసార్లు చూశాను, ఇదే వస్తోంది" అని ఇంకా గట్టిగా నమ్ముతాడు. ఆఫీసులో కూడా అంతే, ఒకే తప్పు ప్రతినెలా చేసే గుమాస్తా లెక్కలే అన్నిటికంటే నున్నగా కనిపిస్తాయి.

ఈ మధ్యలో ఇంకో తమాషా జరిగింది. ఇంజనీరింగ్ చదివే మా ఆడపడుచు కొడుకు ఉన్నాడు. నేను గీసిన బొమ్మనే ఫైలుగా తీసుకుని తన మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, "అత్తా, నీ లెక్క తప్పు. 4.31 వస్తోంది. కాగితం కరెక్ట్" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక సెంటు తేడా! చిన్నాయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. కానీ ఒకటే బొమ్మకు రెండు వైశాల్యాలు ఎలా వస్తాయి? అకౌంట్స్ మనిషికి ఇది పడదు. తవ్వితే తేలింది. ఇంటర్నెట్ మ్యాపుల్లో చాలావరకు గుండ్రటి భూమిని చదును తెర మీద పరచడానికి మెర్కేటర్ పద్ధతి వాడతాయి. భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ అది బొమ్మను అన్ని వైపులా సాగదీస్తుంది. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపించేది అందుకే, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. కదిరి ఉండేది సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అక్కడ ఈ సాగుడు వల్ల వైశాల్యం 6.3 శాతం ఎక్కువ కనిపిస్తుంది. బెంగళూరులో అయితే 5 శాతం పైన. గూగుల్ కొలత ఆ సాగుడును లెక్కలోంచి తీసేసి చెబుతుంది. వీడి సాఫ్ట్‌వేర్‌లో ఆ సెట్టింగ్ పెట్టలేదు, సాగిన బొమ్మనే కొలిచింది. 4.05ను 1.063తో హెచ్చవేసి చూడండి, 4.31 వస్తుంది.

అంటే గట్టు మీద నేను చేసిన తప్పు, తెర మీద వాడు చేసిన తప్పు కలిసి సరిగ్గా కాగితం అంకె దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. మొదటి లెక్కలో తేడా వచ్చింది కాబట్టి నేను తవ్వాను. ముందే 4.31 వచ్చి ఉంటే? ఎవరం తవ్వేవాళ్లం కాదు. సరిపోయిన లెక్కను ఎవరూ తిరిగి చూడరు. ఆడిట్‌లో నేను ఎక్కువ భయపడేది తేడా వచ్చిన ఖాతాలకు కాదు, మొదటిసారే టాలీ అయిపోయిన ఖాతాలకు.

ఇక కొలతల పేర్ల గొడవ వేరే. బెంగళూరు తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మా ఆఫీసులో నెల్లూరు అబ్బాయి ఒకడు చింతామణి దగ్గర కాస్త భూమి కొనాలని తిరుగుతున్నాడు. (నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతిలో అంకణం అంటే 36. చెన్నైలో గ్రౌండు 2,400. వీడికి కొలతల గందరగోళం పుట్టుకతోనే వచ్చింది.) ఒకరోజు క్యాంటీన్‌లో గుసగుసగా చెప్పాడు. "అక్కా, పహణీలో 1-30 అని ఉంది. నేను మ్యాప్‌లో కొలిస్తే 1.72 వచ్చింది. 42 సెంట్లు ఎక్కువ! రైతుకు తెలిసినట్టు లేదు. చప్పుడు చెయ్యకుండా అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా."

పహణీ అంటే మన అడంగల్ లాంటి భూమి రికార్డు. కర్ణాటకలో అందులో ఆ గీత తర్వాత ఉండేవి సెంట్లు కావు, గుంటలు. తెలంగాణవాళ్లకు ఇది తెలుసు, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లమే బోల్తా పడతాం. ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, 1,089 చదరపు అడుగులు, 121 గజాలు. 30 గుంటలు అంటే ముప్పావు ఎకరం. అంటే 1-30 అంటే 1.75 ఎకరాలు. రైతుకు అంతా తెలుసు, తెలియనిది వీడికే. పైగా పహణీలో ఖరాబు కాలమ్‌లో 4 గుంటలు ఉన్నాయి, అవి 10 సెంట్లు. ఖరాబు అంటే సాగుకు పనికిరాదని పక్కన పెట్టిన భాగం. అందులో ఎ ఖరాబు, బి ఖరాబు అని రెండు. బి ఖరాబు అంటే దారి, వాగు లాంటి అందరి అవసరాలకూ వదిలింది, మన చేలో ఉన్నా మనది కాదు. ఆ 4 గుంటలూ తీసేస్తే మిగిలేది 1.65. మ్యాప్‌కు ఖరాబు తెలియదు, దానికి అంతా ఒకే మట్టి.

ఆ అబ్బాయి మ్యాప్ కొలతలో తప్పింది 3 సెంట్లే, మెచ్చుకోవాలి. కాగితం మీద చిన్న గీత చదవడంలో తప్పింది 45 సెంట్లు.

ఇంతకీ ఈ సెంటు ఎక్కడిది? నాయన ట్రంకుపెట్టెలో మా సర్వే నంబరుకు ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) నకలు దొరికింది. పాత మద్రాసు పద్ధతి పటం. పొలం మధ్యగా ఒక ఆధార గీత, దాని నుంచి మూలమూలకూ అడ్డకొలతలు. అంకెలన్నీ లింకుల్లో. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు ఆయన 1620లో 66 అడుగుల గొలుసు ఒకటి తయారుచేసి దాన్ని 100 లింకులుగా విడగొట్టాడు. లింకుకు 7.92 అంగుళాలు. ఇదేం అంకె అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు అయితే ఎకరం. అంటే ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకు వెయ్యి. మా పటంలో కొలతలు చిల్లర వదిలేసి చెబితే 379 లింకులు, 1,140 లింకులు. హెచ్చవేస్తే 4,32,060. చివరి నుంచి అయిదంకెలు వదిలి చుక్క పెడితే 4.32! భాగహారం లేదు, కాలిక్యులేటర్ లేదు. ఆ అంకె కింద నుంచి లేచి వచ్చినప్పుడు నిజంగా ఒళ్లు జలదరించింది. నాలుగు వందల ఏళ్ల కింద ఒక లెక్కల మనిషి ఇంకో లెక్కల మనిషి పని తేలిక చేసి పెట్టాడు. (గుంట కూడా 33 అడుగులు, అంటే అదే గొలుసులో సగం. గుంటర్, గుంట అని పేర్లు చూసి ఊరికే నవ్వుకున్నాను.)

అలా అని కాగితాన్ని దేవుణ్ని చెయ్యడానికి లేదు. గొలుసు పట్టుకుని ఎండలో కంపల్లో నడిచినవాడూ మనిషే. మన దేశాన్ని కొలవడం మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధారరేఖ ఒకటి ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఎండకు ఉక్కు సాగుతుందని నీడ కల్పించి, థర్మామీటర్లు పెట్టి, వారాల తరబడి కొలిచాడు. అక్కడి నుంచి త్రిభుజాలు అల్లుకుంటూ మన బెంగళూరు దాకా వచ్చాడు. అంత జాగ్రత్తగా కొలిచినవాడు కూడా ఊరుకోలేదు. తన లెక్క నిజమో కాదో చూసుకోవడానికి 1804లో బెంగళూరు దగ్గర ఇంకో ఆధారరేఖ నేల మీద మళ్లీ కొలిపించాడు. దేశాన్ని కొలిచినవాడికే అంత అనుమానం ఉంటే, వంటగది బల్ల మీద ఒకసారి కొలిచి చిన్నాయన మీద పడ్డ నాకు ఎంత ఉండాలి?

ఇక్కడిదాకా చదివి "అంటే ఆ ఫోన్ కొలతలు నమ్మొద్దంటావు" అంటారేమో. అలా అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. ఆ మాట ఎక్కువగా అనేది భూములు అమ్మిపెట్టే ఏజెంట్లే అన్నది గమనించండి. అయిదు ఎకరాలని చెప్పిన ముక్క మ్యాప్‌లో మూడున్నర వస్తే గట్టు వెడల్పు, కంపచెట్లు ఆ ఒకటిన్నర ఎకరాన్ని పూడ్చలేవు. అది వేరే కథ. చూపించిన చేను ఒకటి, కాగితంలో ఉన్నది ఇంకొకటి అయి ఉండొచ్చు. ఇలాంటి పెద్ద తప్పు పట్టుకోవడానికి మ్యాప్‌ను మించింది లేదు, పైసా ఖర్చు లేదు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వరసగా తిప్పి చూస్తే ఇంకా మంచిది. వేసవిలో చదునుగా నవ్వుతున్న నేల వానలు పడిన ఏడాది నీళ్ల కింద ఉండొచ్చు. బెంగళూరు చుట్టుపక్కల అయితే వాననీళ్లు పారే రాజకాలువ ఒకప్పుడు ఎటు పారిందో కనిపిస్తుంది. ఇవేవీ పహణీ చెప్పదు.

నేను అంటున్నది ఇదొక్కటే. మ్యాప్‌లో వచ్చిన ఎకరాలను ఒక అంకెగా చెప్పొద్దు, రెండుగా చెప్పండి. పైరు అంచు వెంట ఒకసారి, గట్టు బయటి అంచు వెంట ఒకసారి కొలవండి. మా చేనుకు లోపలి గీత 4.05, బయటి గీత 4.49 వచ్చాయి. నలభై నాలుగు సెంట్ల సందు! నాకు నిజంగా తెలిసింది అంతే. గట్టు నడిమి నుంచి, వంక ఒడ్డు మీది పాత రాయి ఎక్కడుంటుందో అమ్మను అడిగి అక్కడి నుంచి గీస్తే 4.30 వచ్చింది. ఆ గీత రెండడుగులు అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి 9 సెంట్లు అటూ ఇటూ. కాగితంలోని 4.32 అందులో హాయిగా ఇమిడిపోయింది. మొదటి రాత్రే ఇలా రెండంకెలు రాసుకుని ఉంటే నేను చిన్నాయన పేరు ఎత్తేదాన్ని కాదు.

ఫోన్ చేతిలో పట్టుకుని గట్టు చుట్టూ నడిచే యాప్‌లు కూడా వచ్చాయి. బాగానే ఉంటాయి. కానీ ఆరుబయట ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు ఫోన్ జీపీఎస్ అయిదు మీటర్ల దాకా తప్పొచ్చు. అర ఎకరం తోటకు అది ఏమంత నమ్మకం ఇస్తుందో మీరే ఆలోచించండి. ఇక వాలు నేల మీద టేపు పరిస్తే రికార్డు కంటే ఎక్కువ వస్తుంది. రికార్డులో ఉండేది చదునుకు దించిన కొలత కాబట్టి. మా వైపు వాలుకు ఆ తేడా పట్టించుకోదగ్గది కాదు.

హద్దు సంగతి మాత్రం పూర్తిగా వేరు. విస్తీర్ణంలో మ్యాప్ ఎంత నిజాయితీగా ఉంటుందో హద్దులో అంత మోసం చేస్తుంది. ఒక ఏడాది చిత్రం నుంచి ఇంకో ఏడాది చిత్రానికి మారిస్తే మా చింతచెట్టు మూడు మీటర్లు పడమరకు నడిచింది. చెట్టు నడవదు కదా, చిత్రాన్ని అతికించడంలో జరిగింది. చేను మొత్తం చెట్టుతోపాటే జరుగుతుంది కాబట్టి విస్తీర్ణం మారదు. కానీ చిత్రం మీద సర్వే నంబరు గీతలు పరిచి చూపించే యాప్‌లు ఉన్నాయి, కర్ణాటక ప్రభుత్వం వాళ్ల దిశాంక్ అలాంటిదే. ఏ సర్వే నంబరులో నిలబడ్డామో తెలుసుకోవడానికి అది చాలా మంచి పనిముట్టు. అందులో గీత పక్కాయన కోళ్ల షెడ్డు మీదుగా పోయిందని చెప్పి కోర్టుకు పోయేవాళ్లను మాత్రం ఏమనాలి? గీత జరిగిందో, షెడ్డు జరిగిందో, చిత్రం జరిగిందో తెర చెప్పదు.

పాత రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఎప్పుడైనా నిదానంగా చదివారా? విస్తీర్ణం ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. ఆ తర్వాత చెక్కుబందీ మొదలవుతుంది. మా దాంట్లో: తూర్పు వంక, పడమర బండి రస్తా, ఉత్తరం ఫలానా వారి చేను, దక్షిణం మా తాత తమ్ముడి చేను. "ఈ మధ్య గల భూమి." విస్తీర్ణం అంకెకూ చెక్కుబందీకీ పొసగకపోతే మామూలుగా చెక్కుబందీకే బలం ఎక్కువని కోర్టులు చెబుతూ వచ్చాయి. మొదట చదివినప్పుడు ఇదేం పాతకాలం పద్ధతి, అంకె వదిలేసి వంకనూ రస్తానూ నమ్మడం ఏమిటి అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ముందు గీత ఉంటుంది, ఎకరాలు ఆ గీతలోంచి పుడతాయి. మనం బెంగళూరులో కూర్చుని ఎకరాలు ముందు చూసి, అవి తగ్గాయని గీతను అనుమానిస్తున్నాం.

సరే, ఆఖరికి నేను, తమ్ముడు హద్దులు కొలిచి చూపించమని సర్వేవాళ్లకు ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టాం. పంచుకునేటప్పుడు ఎలాగూ రాళ్లు పాతాలి కాబట్టి. నేను మర్చిపోయిందేమిటంటే, సర్వేకు ముందు చుట్టుపక్కల రైతులందరికీ నోటీసు పోతుంది. చిన్నాయనకూ పోయింది. అన్న కూతురు పంపించిన సర్కారు కాగితం. సర్వే రోజు నేను గట్టు దగ్గరికి పోయేసరికి ఆయన అప్పటికే కొడవలితో కంప నరికి, రాయి ఉన్న చోటు తేల్చి పెట్టాడు. ఆ రాయి నేను బొమ్మ గీసినప్పుడు వంకలో కలిపేసిన కంపల నడుమ ఉంది. చెమట తుడుచుకుంటూ, "నోటీసు యాల పాపా, ఫోన్ జేసింటే నేనే నిలబడి చూపించుందును గదా" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక మజ్జిగ గ్లాసు అందించాను.

సర్వేయరు రోవర్‌తో (ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా చోటు పట్టే పరికరం) మూలమూలా పాయింట్లు తీసుకున్నాడు. 4.29 వచ్చింది. కాగితానికి 3 సెంట్లు తక్కువ. తమ్ముడు నా మొహం చూశాడు. నేను అప్పటికే ఫోన్‌లో లెక్క వేస్తున్నాను. 3 సెంట్లు అంటే 1,307 చదరపు అడుగులు. 2,000 అడుగుల చుట్టుకొలతకు పరిస్తే ముప్పావు అడుగు కూడా కాదు, ఎనిమిది అంగుళాలు. చుట్టూ ఒక్క లింకు. ఎప్పుడో మా ముత్తాత కాలంలో గొలుసు కాస్త వదులుగా పట్టుకున్నా వచ్చే తేడా. ఇద్దరం చెరో 2.14న్నర చొప్పున రాసుకున్నాం.

పోయిన వారం చిన్నాయన ఫోన్ చేశాడు. కొడుకు పెళ్లికి లోన్ పెట్టాలట.

"మీ చేను మ్యాపులో కొలిచినావంట గదా పాపా. మాది గూడా ఎంతొస్తాదో రోంత చూడు."

నేను ఇప్పుడు ఆరితేరినదాన్ని. లోపలి గీత గీశాను, బయటి గీత గీశాను, రెండేళ్ల చిత్రాల మీద రెండుసార్లు చూశాను. సాయంత్రం ఫోన్ చేసి, "3.60 నుంచి 3.95 మధ్యలో వస్తుంది చిన్నాయనా" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు.

"మధ్యలో అంటే యాడ పాపా? బ్యాంకోళ్లకు ఏమని చెప్పల్ల?"